కంచం పొత్తు, మంచం పొత్తు

మన అభ్యుదయ విమర్శకుల చేతిలో 'క్షీణ సంస్కృతి' అనే రబ్బరు ముద్ర ఒకటి ఉన్నది. తపాలా గుమాస్తా ఉత్తరం విప్పకుండానే ముద్ర వేసినట్లు, మన విమర్శకుడు కూడా విషయం విప్పి చూడకుండానే దీనిని వేయగలడు. ఒకప్పుడు అది భావకవిత్వం మీద పడింది. కొందరి చేతుల్లో చలం మీద కూడా పడింది. ఇప్పుడు గే ప్రజల జీవితం మీద పడుతున్నది. వామపక్ష అధ్యాపకులే పాల్గొన్న ఒక సాహిత్య సదస్సులో నిరుడు చదివిన పత్రం సారాంశమిది: అమెరికా మహానగరాలలో గే పేటలు వెలిశాయి. అక్కడివారికి తమ హోటళ్ళు, తమ బార్లు, తమ కాఫీ దుకాణాలు, ఆదివారం పొద్దెక్కి మొదలై సాయంత్రం దాకా సాగే ఫలహారాలు ఉన్నాయి. ఇది తీరిక వర్గాల విలాసం. పెట్టుబడిదారీ వ్యవస్థ కుళ్ళిన దశలో పుట్టే వ్యసనం. దీనితో కార్మికవర్గానికి గాని, దాని సాహిత్యానికి గాని ఏ పొత్తూ లేదు.

సభలో చాలామంది తలలూపారు. ఈ వాదాన్ని ఖండించడానికి దూరం వెళ్ళనక్కరలేదు. పత్రకర్త తనకు తెలియకుండానే సరైన చోట వేలు పెట్టారు. ఆయన హోటళ్ళ మాట ఎత్తారు. 'పొత్తు' అన్న మాట కూడా వాడారు. ఆ రెండూ పట్టుకుని నడిస్తే చాలు.

కులం లెక్కలు చెప్పుకునేటప్పుడు తెలుగువాడు రెండు మాటలు వాడుతాడు: కంచం పొత్తు, మంచం పొత్తు. ఫలానా వారితో మనకు కంచం పొత్తు ఉన్నది గాని మంచం పొత్తు లేదు అంటాడు. ఎవరితో కూర్చుని తినవచ్చును, ఎవరితో వియ్యమందవచ్చును అన్న రెండు ప్రశ్నలతోనే మన సమాజం మనుషులను విడగొట్టింది. అందుకే మన సంస్కర్తలు సహపంక్తి భోజనాలు పెట్టారు. ఆ పంక్తులు వచ్చినవారి ఆకలి తీర్చడానికి వేసినవి కావు. పల్లెటూళ్ళ టీ హోటళ్ళలో దళితులకు వేరే గ్లాసు పెట్టే పద్ధతి మీద పోరాడినవారిలో మన కమ్యూనిస్టులు ఉన్నారు. ఆ పోరాటాన్ని చూసి, "టీ తాగడం కోసం ఇంత గొడవా, ఇదంతా విలాసం" అని అప్పుడు అన్నవాడెవడో మనకు బాగా తెలుసు. గ్లాసు కడిగే పని తనకు లేనివాడు. అమెరికాలో 1960 ఫిబ్రవరి 1న గ్రీన్స్‌బరో పట్టణంలో నలుగురు నల్లజాతి విద్యార్థులు తెల్లవారికి మాత్రమే వడ్డించే ఫలహారపు బల్ల ముందు కూర్చుని కదలమన్నప్పుడు మనం చప్పట్లు కొట్టాము. కూర్చుని తినే హక్కు రాజకీయ హక్కు అని ఇన్ని చోట్ల ఒప్పుకున్నవారికి, ఒక్క గే ప్రజల దగ్గరకు వచ్చేసరికి అది విలాసం ఎట్లా అయింది?

మన భాష కూడా ఇందులో కొంత నేరం చేసింది. పత్రికలు 'స్వలింగ సంపర్కులు' అని రాస్తాయి. ఆ మాటకు మంచం తప్ప మరొకటి కనబడదు. పెళ్ళయిన గుమాస్తాను ఎవరూ 'భిన్నలింగ సంపర్కి' అని పిలవరు. అతను గుమాస్తా, అద్దె కట్టేవాడు, సాయంత్రం కూరగాయల సంచి పట్టుకుని వచ్చేవాడు. గే మనిషికి మాత్రం సంచి ఉండదు, కూరగాయలు ఉండవు. కనుక ఈ వ్యాసంలో మంచం సంగతి వదిలిపెట్టి, కంచం సంగతే చూద్దాము.

శాన్‌ఫ్రాన్సిస్కోలో కాస్ట్రో అనే పేట ఉన్నది. (పేరు చూసి ఉత్సాహపడే విద్యార్థి మిత్రులకు ఒక మాట: ఇది క్యూబా కాస్ట్రో పేరు కాదు. కాలిఫోర్నియా మెక్సికోలో ఉన్న కాలంలో దానికి అధిపతిగా ఉండి, అమెరికా ఆక్రమణను ఎదిరించిన హోసే కాస్ట్రో పేరు. ఆ రెండవ కాస్ట్రో దగ్గరకు తర్వాత వస్తాను.) సదస్సు పత్రంలోని విందులు, హోటళ్ళు ఈ పేటవే. అమెరికాలో పిల్లల దగ్గరకు వెళ్ళివచ్చే మన తల్లిదండ్రుల్లో కొందరు ఆ వీధి మలుపులో 2014లో వేసిన ఇంద్రధనుస్సు రంగుల దారి మీద నిలబడి ఫోటో దిగి వస్తున్నారు కూడా. ఫోటోలో రంగులు పడతాయి. వాటికి ముందున్న చరిత్ర పడదు.

ఆ చరిత్ర పేటలో మొదలు కాలేదు, ఓడల వంటగదుల్లో మొదలయింది. శాన్‌ఫ్రాన్సిస్కో కేంద్రంగా పడమటి తీరపు ఓడలలో వంటవారికి, వడ్డించేవారికి, గదులు ఊడ్చేవారికి మెరైన్ కుక్స్ అండ్ స్టివార్డ్స్ అనే యూనియను ఉండేది. మొదట్లో అది తెల్లవారి యూనియను. చైనావారిని ఓడ ఎక్కనివ్వకూడదని కొట్లాడినది. 1934 నాటి రేవు కార్మికుల మహా సమ్మె తర్వాత, వామపక్ష నాయకత్వం కింద, అది మారింది. నల్లవారు, చైనావారు, ఫిలిప్పీనోలు సభ్యులయ్యారు. ఆ వృత్తిలో గే పురుషులు చాలామంది ఉండేవారు. వారూ దాపరికం లేకుండా సభ్యులయ్యారు. యూనియను కార్యకర్తలు చెప్పుకున్న వాదన చాలా సులభమైనది: మనలో ఎర్రవాళ్ళని వేరుచేసి తిట్టనిస్తే రేపు నల్లవాళ్ళని తిడతారు, నల్లవాళ్ళని తిట్టనిస్తే ఎల్లుండి గే వాళ్ళని తిడతారు, కనుక మొదటి తిట్టు దగ్గరే అందరం కలిసి నిలబడాలి. వర్గ ఐక్యత మీద మన భాషలో ఇంతకంటే పెద్ద గ్రంథాలు వచ్చాయి. ఇంతకంటే స్పష్టమైన వాక్యం మాత్రం నా కంట పడలేదు.

యజమానులకూ, ప్రభుత్వానికీ ఆ వాక్యం బాగా అర్థమయింది. 1950లో సి.ఐ.ఓ. కార్మిక సమాఖ్య ఈ యూనియన్ను కమ్యూనిస్టు యూనియనని వెళ్ళగొట్టింది. కొరియా యుద్ధం పేరుతో తీర రక్షక దళం ఓడ కార్మికులను 'భద్రతకు ముప్పు' అని జల్లెడ పట్టి పనుల్లోంచి తీసివేసింది. కొద్ది సంవత్సరాల్లో యూనియను లేకుండా పోయింది. గే జీవితం తీరిక వర్గాల విలాసం అనే మిత్రులు ఈ వంటవాళ్ళను ఏ వర్గంలో వేస్తారో చెప్పాలి. ఇతరుల విందుకు బంగాళాదుంపలు ఒలిచినవారు వీరు.

ఇక ఊళ్ళోని సంగతి. రెండవ ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ రంగం నుంచి గే సైనికులను పట్టుకుని, ఉద్యోగానికీ పింఛనుకూ పనికిరాని కాగితం చేతికిచ్చి వదిలిపెట్టిన రేవులలో శాన్‌ఫ్రాన్సిస్కో ఒకటి. ఆ కాగితంతో సొంత ఊరికి పోలేనివారు అక్కడే ఉండిపోయారు. ఇంట్లో చోటు లేదు. లాడ్జీ గదిలో పొయ్యి లేదు. మిగిలినవి హోటలు బల్ల, బారు బల్ల. వాటి మీద పోలీసులు పడేవారు. బ్లాక్ క్యాట్ అనే బారు యజమాని కోర్టుకెక్కాడు. గే మనుషులు వచ్చి కూర్చున్నంత మాత్రాన లైసెన్సు రద్దు చేయడానికి వీల్లేదని 1951లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. న్యాయం గెలిచిందని సంతోషించేలోపున, 1955లో రాష్ట్ర శాసనసభ కొత్త చట్టం చేసి ఆ తీర్పుకు పక్కదారి వేసింది. 1959లో కోర్టు దానినీ కొట్టివేసింది. అయినా పోలీసుల వేధింపు ఆగలేదు. 1963లో బ్లాక్ క్యాట్ లైసెన్సు పోయింది. సారా అమ్మకుండా తిండి, చల్లని పానీయాలు మాత్రమే పెట్టి కొన్నాళ్ళు ఈడ్చి, 1964లో మూతపడింది. సారా లేకపోయినా తెరిచి ఉంచారంటే అక్కడికి వచ్చేవారికి కావలసింది సారా ఒక్కటే కాదన్నమాట.

ఆ బారులో హోసే సారియా అనే వడ్డనవాడు ఉండేవాడు. అతను బడిపంతులు కావాలని చదువుకున్నవాడు. ఒక హోటలులో పోలీసుల దాడిలో పట్టుబడి శిక్ష పడడంతో ఆ దారి మూసుకుపోయింది. పంతులు కాలేనివాడు పళ్ళెం పట్టుకున్నాడు. బల్లల మధ్య ఎర్ర చెప్పులతో తిరుగుతూ ఆపెరాలకు వెక్కిరింపు పాటలు కట్టి పాడేవాడు. బారు మూసే వేళకు అందరిచేతా చేతులు పట్టించి నిలబెట్టి పాడించేవాడు. 1961లో ఇతను నగర పాలక మండలికి పోటీ చేశాడు. తాను గే అని దాచుకోకుండా అమెరికాలో ఎన్నికలలో నిలబడిన మొదటి మనిషి అతనే. గెలవలేదు. ఐదు వేలకు పైగా ఓట్లు వచ్చాయి. అన్ని ఓట్లు ఉన్నాయని ఆనాటి నుంచి నగర రాజకీయ నాయకులు లెక్క వేసుకోసాగారు.

1966 ఆగస్టులో టెండర్‌లాయిన్ అనే బీద పేటలో కాంప్టన్స్ కాఫెటీరియాలో జరిగినది ఇంతకంటే పెద్దది. రాత్రంతా తెరిచి ఉండే చవక హోటలది. ఏ పనిలోకీ రానివ్వని, ఏ ఇంట్లోకీ రానివ్వని ట్రాన్స్ స్త్రీలు, వీధిపాలైన కుర్రవాళ్ళు ఒక్క కప్పు కాఫీ మీద గంటలు గడిపేవారు. యాజమాన్యానికి అది నష్టం. పోలీసులను పిలిచారు. ఒక పోలీసు ఒకామె చేయి పట్టుకున్నాడు. ఆమె వేడి కాఫీ అతని మొహాన కొట్టింది. కప్పులు, సాసర్లు, చక్కెర సీసాలు ఎగిరాయి, అద్దాలు పగిలాయి, గొడవ వీధికెక్కింది. న్యూయార్కులో స్టోన్‌వాల్ తిరుగుబాటు జరగడానికి మూడేళ్ళ ముందు మాట ఇది. దీనిని పత్రికలు పట్టించుకోలేదు. సుసాన్ స్ట్రైకర్ అనే చరిత్రకారిణి ఏళ్ళ తర్వాత తవ్వి తీసి, 2005లో డాక్యుమెంటరీగా చూపించేదాకా లోకం మరచిపోయింది. టీ గ్లాసుల పోరాటాలను రికార్డు చేయని మన పత్రికలు గుర్తుకు వస్తాయి.

కాస్ట్రో కథలోకి ఇప్పుడు రావచ్చు. అది ఐరిష్, జర్మన్, స్కాండినేవియన్ కార్మిక కుటుంబాల పేట. 1960లలో ఆ కుటుంబాలు శివార్లకు తరలిపోతుంటే పాత కర్ర ఇళ్ళు చవకైపోయాయి. గే యువకులు వచ్చి అద్దెకు దిగారు, కొన్నారు, రంగులు వేశారు. అప్పటి గే బార్లన్నిటికీ కిటికీలు నల్లగా మూసి ఉండేవి. లోపలివాడు బయటికి కనబడితే మర్నాడు ఉద్యోగం ఉండదు. కాస్ట్రో, మార్కెట్ వీధుల మూల మీద ట్విన్ పీక్స్ అనే బారును ఇద్దరు స్త్రీలు తీసుకుని, 1972లో కిటికీల ముసుగు తీసి నిలువెత్తు అద్దాలు వీధికి వదిలారు. కూర్చున్నవాడు వీధికి కనబడతాడు, వీధి అతనికి కనబడుతుంది. 2013లో నగర ప్రభుత్వం ఆ కట్టడాన్ని చారిత్రక చిహ్నంగా గుర్తించింది. మన కవులు 'వెలుగు' మీద ఎన్ని గేయాలు రాశారో లెక్కలేదు. గాజు పలక అమర్చడం కూడా ఆ కోవలోదే.

ఆ వీధిలో హార్వే మిల్క్ 1973లో కెమెరాల దుకాణం పెట్టాడు. అతని గురించి సినిమాలు వచ్చాయి గనుక తెలిసిన సంగతులు తిరిగి చెప్పను. సినిమా చూసినవారు కూడా త్వరగా మరచిపోయే బీరు సంగతి చెబుతాను. 1970ల మొదట్లో బీరు లారీ డ్రైవర్ల యూనియను, టీమ్‌స్టర్లు, కూర్స్ కంపెనీతో పోరాటంలో ఉన్నది. ఆ కంపెనీ ఉద్యోగం ఇచ్చే ముందు సత్యశోధక యంత్రం ముందు కూర్చోబెట్టి, నీవు గేవా అని అడిగించేది. యూనియను నాయకుడు ఆలన్ బెయిర్డ్ ఆ పేటలోనే ఉండే కార్మికుడు. అతను మిల్క్ దగ్గరకు వచ్చి, మీ బార్లలో కూర్స్ బీరు ఆపించగలరా అని అడిగాడు. మిల్క్ సరే అన్నాడు, ఒక షరతు పెట్టాడు: గే డ్రైవర్లకు యూనియను పని ఇప్పించాలి. మాట కుదిరింది. బార్లలో కూర్స్ సీసాలు దిగిపోయాయి. లారీల మీదికి గే డ్రైవర్లు ఎక్కారు. ఎవరూ ఎవరికీ సిద్ధాంత పాఠం చెప్పలేదు. బారు బల్ల మీద ఏ సీసా ఉండాలన్నది కార్మికుల సమ్మెను గెలిపించే ప్రశ్న అయింది. 'తినడం, తాగడం తప్ప మరొకటి లేని జీవితం' అని పత్రంలో రాసినవారు ఈ తాగడాన్ని ఏ శీర్షిక కింద చేరుస్తారు?

అధ్యాపక పాఠకులకు 1978 మరింత ముఖ్యం. జాన్ బ్రిగ్స్ అనే సెనేటరు కాలిఫోర్నియాలో ఆరవ ప్రతిపాదన తెచ్చాడు. గే ఉపాధ్యాయులను ప్రభుత్వ బడుల నుంచి తీసివేయాలి. అంతే కాదు, తాము గే కాకపోయినా, వారి పక్షాన బహిరంగంగా మాట్లాడిన ఉపాధ్యాయులనూ తీసివేయవచ్చు. చట్టం గే వారి మీద మొదలై నోరున్న ప్రతి పంతులు మీదికీ రావడం గమనించండి. ఓడ వంటవాళ్ళు చెప్పింది ఇదే గదా! టామ్ అమ్మియానో వంటి బడిపంతుళ్ళు తాము గే అని చెప్పి నిలబడ్డారు. విశ్వవిద్యాలయ అధ్యాపకురాలు శాలీ గేర్‌హార్ట్, మిల్క్‌తో కలిసి బ్రిగ్స్‌ను బహిరంగ చర్చలలో ఎదుర్కొన్నది. ఉపాధ్యాయ యూనియన్లు, ఇతర కార్మిక సంఘాలు కలిసి వచ్చాయి. కార్యకర్తలు గడపగడపకూ తిరిగి, మీకు తెలిసిన గే మనిషిని నేనే అని చెప్పారు. చివరికి రొనాల్డ్ రేగన్ అంతటివాడు కూడా ప్రతిపాదనను వ్యతిరేకించాడు. క్రమశిక్షణ లేని పిల్లవాడు పంతులు మీద ఏ నింద అయినా వేయవచ్చునని అతని భయం. నవంబరు 7న 58 శాతం ఓట్లతో ప్రతిపాదన ఓడిపోయింది. ఇరవై రోజులకు, 27న, నగర మేయరు మోస్కోనీ, మిల్క్ ఇద్దరూ మాజీ సహసభ్యుడు డాన్ వైట్ తుపాకీకి బలి అయ్యారు. హంతకుడికి ఏడేళ్ళ ఎనిమిది నెలల శిక్ష వేశారు. 1979 మే 21న తీర్పు వచ్చిన రాత్రి జనం నగర భవనం మీదికి పోతే, పోలీసులు కాస్ట్రోకు వచ్చి ఎలిఫెంట్ వాక్ అనే బారులో జొరబడి కూర్చున్నవారిని కొట్టారు. మళ్ళీ తిండి బల్ల దగ్గరికే వచ్చారు. తర్వాత 1996లో అక్కడే హార్వే పేరుతో భోజనశాల వెలిసింది.

ఎయిడ్స్ వచ్చింది. ఈ పేటలో ఒక్కొక్క వీధిలో ఎందరు పోయారో రాస్తే ఈ సంచిక చాలదు. ఒక్క వంట సంగతి చెప్పి ఊరుకుంటాను. రూత్ బ్రింకర్ అనే ముసలామె, భోజన సరఫరా పనిలో జీవితం గడిపి విశ్రాంతి తీసుకున్న మనిషి. తనకు తెలిసిన రోగి ఒకడు జబ్బుకంటే ముందు తిండి లేక చిక్కి చనిపోవడం చూసింది. లేచి వండుకోలేడు, వచ్చి వండేవారు లేరు. 1985లో ఆమె ఒక చర్చి వంటగదిలో ఏడుగురికి వండడం మొదలుపెట్టింది. ప్రాజెక్ట్ ఓపెన్ హ్యాండ్ అనే ఆ సంస్థ నేటికీ వేలమందికి వండుతున్నది. రోగి కంచం ముట్టుకుంటే చస్తామని వైద్యులే భయపడిన రోజులవి. మన దేశంలోనూ ఆ కంచాలు వేరుగా పెట్టిన ఇళ్ళున్నాయి. నా పాఠకులలో కొందరు చూసి ఉంటారు.

ఇంత చెప్పినంత మాత్రాన కాస్ట్రోను స్వర్గమని నేను అనడం లేదు. అట్లా అనే వారు మరొక పక్షం. ఇంద్రధనుస్సు జెండా చూడగానే విమోచన వచ్చేసిందని సంబరపడే ఉదారవాదులు వారు. వారి దృష్టిలో స్వేచ్ఛ అంటే మెనూ. ఆ మెనూలో కుడివైపు అంకెలు చూడరు. 1978లోనే అద్దె పెరిగి మిల్క్ దుకాణం కాస్ట్రో వీధిని వదిలిపోవలసి వచ్చింది. పేటకు పేరు తెచ్చినవాడికే ఆ పేట అద్దె అందలేదు. ఎల్లిస్ చట్టం అని 1985లో రాష్ట్రం చేసిన చట్టం ఉన్నది. అద్దె వ్యాపారం మానుకుంటున్నానని చెప్పి యజమాని భవనం మొత్తం ఖాళీ చేయించవచ్చు. రోగంతో బతికి బయటపడిన ముసలివాళ్ళను ఆ చట్టంతో వీధిలో నిలబెట్టారు. సాఫ్ట్‌వేర్ కంపెనీల బస్సులను 2013లో నగరవాసులు అడ్డగించింది ఈ అద్దెల కోపంతోనే. అటువంటి ఉద్యోగాలలో మన తెలుగు పిల్లలు చాలామంది ఉన్నారన్నది వారి తప్పు కాదు గాని, ఇంద్రధనుస్సు దారి మీద ఫోటో దిగేటప్పుడు తెలుసుకోవలసిన విషయం. అదే 2013లో నగరంలో నిరాశ్రయులను లెక్కపెట్టేటప్పుడు మొదటిసారి ఈ ప్రశ్న అడిగితే, 29 శాతం మంది తాము గే, లెస్బియన్, ట్రాన్స్ వర్గాలలో ఏదో ఒకదానివారమని చెప్పారు. విలాసం ఎవరిది?

లోపలి తలుపులూ ఉన్నాయి. గే బార్ల గుమ్మం దగ్గర నల్లవారిని, స్త్రీలను ఒకటికి మూడు గుర్తింపు పత్రాలు అడిగి వెనక్కు పంపేవారన్న ఆరోపణ 1970ల నుంచి ఉన్నది. 2005లో ఒక బారు మీద నగర మానవ హక్కుల సంఘం విచారణలో అటువంటి వివక్ష తేలింది కూడా. లెస్బియన్ స్త్రీలు ఎక్కువగా పక్కనున్న మిషన్ పేటలో, వాలెన్షియా వీధిలో తమ చోట్లు చూసుకున్నారు. 1986లో దక్షిణాసియావారు 'త్రికోణ్' పేరుతో తమ సంఘం పెట్టుకున్నారంటే, తెల్లవారి బల్ల దగ్గర వారికి చాలినంత చోటు దొరకలేదనే అర్థం. కిటికీకి అద్దం వేసుకున్నవాడు తలుపుకు కావలివాణ్ణి పెట్టుకున్నాడు. దీనిని విమర్శించండి. వర్గ దృష్టితో, కుల దృష్టితో, ఎంత తీవ్రంగానైనా విమర్శించండి. అయితే ఆ విమర్శ చేసే అర్హత మొదట ఆ బల్ల కోసం జరిగిన పోరాటాన్ని ఒప్పుకున్నవారికే ఉంటుంది. అద్దె పెంచినవాడి పాపాన్ని అద్దెకున్నవాడి మీద రుద్దడం మార్క్సిజం కాదు.

మార్క్సిజం మాట వచ్చింది గనుక మన ఇంటి సంగతి కూడా చూడాలి. 'బూర్జువా వ్యసనం' అన్న మాట ఎక్కడి నుంచి వచ్చింది? విప్లవ రష్యా 1922 శిక్షాస్మృతిలో స్వలింగ ప్రేమ నేరం కాదు. జారు చట్టాన్ని బోల్షివిక్కులు తీసివేశారు. దానిని తిరిగి నేరం చేసింది 1934లో స్టాలిన్ ప్రభుత్వం. ఆ సంవత్సరమే గోర్కీ, మనమందరం 'అమ్మ' నవలతో ప్రేమించిన గోర్కీ, స్వలింగ ప్రేమను ఫాసిజంతో ముడిపెట్టి వ్యాసం రాశాడు. జర్మనీలో అదే ఫాసిజం గే పురుషులను నిర్బంధ శిబిరాలకు పంపుతున్నది! మాస్కోలో పనిచేస్తున్న హ్యారీ వైట్ అనే బ్రిటిష్ కమ్యూనిస్టు, గే మనిషి పార్టీ సభ్యుడు కావచ్చునా అని స్టాలిన్‌కే ఉత్తరం రాసి, వర్గ దృష్టితోనే వాదించాడు. ఆ ఉత్తరం ఒక తిట్టు రాయించుకుని పాత కాగితాల గదికి పోయింది. అమెరికాలో 1950లో గే ప్రజల మొదటి నిలకడైన సంఘాన్ని, మాటషీన్ సొసైటీని, స్థాపించిన హ్యారీ హే కమ్యూనిస్టు పార్టీలో ఏళ్ళ తరబడి పనిచేసినవాడు. సంఘ నిర్మాణం పార్టీలో నేర్చుకున్నాడు. అటువంటివారిని పార్టీ ఉంచుకోదు గనుక పార్టీని విడవవలసి వచ్చింది. ఇక రెండవ కాస్ట్రో. క్యూబాలో 1965 నుంచి 1968 దాకా గే పురుషులను శ్రమ శిబిరాలకు పంపారు. 2010లో ఫిడెల్ కాస్ట్రో, ఆ అన్యాయానికి బాధ్యత తనదేనని పత్రికాముఖంగా ఒప్పుకున్నాడు. 2022లో క్యూబా ప్రజలు ఓటు వేసి గే పెళ్ళిళ్ళను చట్టబద్ధం చేశారు. మన సదస్సుల్లో మాత్రం 1934 ఇంకా నడుస్తున్నది.

"ముందు వర్గపోరాటం తేలనివ్వండి, తర్వాత ఇవి చూద్దాము" అనే మిత్రులు కొంత మెత్తటివారు. స్త్రీల ప్రశ్న దగ్గర, కులం ప్రశ్న దగ్గర ఇదే మాట అన్నారు. ఏమయిందో అందరికీ తెలుసు. ప్రశ్న ఆగలేదు. అడిగేవారు మాత్రం మనల్ని విడిచి వేరే చోటికి పోయారు.

నేను పనిచేసిన ఒక కళాశాల హాస్టలు మెస్సులో ఒక కుర్రవాడు 'అటువంటివాడు' అని రెండేళ్ళ క్రితం బయటపడింది. ఎవరూ కొట్టలేదు. తిట్టను కూడా లేదు. కంచాలు పట్టుకుని పక్క బల్లకు జరిగారు. నాలుగు నెలలు అతను ఎనిమిది మంది కూర్చునే బల్ల దగ్గర ఒక్కడే తిన్నాడు. తర్వాత గేటు బయట బండి దగ్గర తినసాగాడు. తర్వాత హాస్టలు ఖాళీ చేశాడు. జరిగినవారిలో మన విద్యార్థి సంఘం కార్యకర్తలు ఇద్దరున్నారు. పక్క ఊళ్ళో వేరు గ్లాసుల మీద కరపత్రం వేసినవారు వారే. మంచి కరపత్రం. నేనే ప్రూఫులు దిద్దాను.

చట్టం మనకంటే కొంచెం ముందు నడుస్తున్నది. సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న, ఇష్టపడిన పెద్దవారి మధ్య స్వలింగ ప్రేమకు 377వ సెక్షను వర్తించదని చెప్పింది. నిజాం కాలం నాటి హిజ్రాల చట్టాన్ని 2023 జులైలో తెలంగాణ హైకోర్టు కొట్టివేసింది. వైజయంతి వసంత మొగ్లి ప్రభృతులు వేసిన దావా అది. అదే సంవత్సరం అక్టోబరు 17న సుప్రీంకోర్టు పెళ్ళి హక్కు ఇవ్వడానికి మాత్రం నిరాకరించింది. ఆ తర్వాత 2024లో కేంద్ర ప్రభుత్వం రాష్ట్రాలకు రాసిన లేఖలో ఒక విచిత్రం ఉన్నది: అటువంటి జంటలను రేషను కార్డు విషయంలో ఒకే కుటుంబంగా చూడాలన్నది. మంచం పొత్తు ఒప్పుకోని రాజ్యం కంచం పొత్తు ఒప్పుకున్నదన్నమాట. ఆ లేఖ పట్టుకుని ఏ మండల కార్యాలయంలో ఏ జంట దరఖాస్తు పెట్టుకోగలదు, అక్కడి గుమాస్తా ఏమంటాడు, ఆ గుమాస్తాల సంఘానికి నాయకులు ఎవరు అన్నది విచారించవలసిన పని. ఆ సంఘాలు చాలావరకు మనవే.

ఈ ఏడాది అధ్యాపక సంఘం మహాసభకు తీర్మానాల ముసాయిదా తయారవుతున్నది. నేనొకటి పంపాను. గే, ట్రాన్స్ విద్యార్థులను, అధ్యాపకులను హాస్టలు నుంచి గాని, ఉద్యోగం నుంచి గాని తప్పించే ఏ చర్యనైనా సంఘం ఎదిరించాలని, హాస్టలు మెస్సులో బల్ల వేరు చేయడాన్ని గ్లాసు వేరు చేయడంతో సమానంగా చూడాలని అందులో రాశాను. ముసాయిదా సంఘం దానిని 'ఇతర అంశాలు' కింద, రెండవ రోజు భోజన విరామానికి ముందు చివరి అంశంగా వేసింది. ఆ సమయానికి ప్రతినిధులు సగం మంది భోజనశాల వైపు లేచిపోతారు. పోవద్దని, ఆ పావుగంట కూర్చోమని, ప్రతినిధులుగా వస్తున్న ఈ పత్రిక పాఠకులను కోరుతున్నాను. ఎదిరించదలచినవారు కూడా కూర్చుని ఎదిరించండి. పేరు పెట్టి ఓటు లెక్కించమని నేను అడగబోతున్నాను.